మూడో నంబరు మనిషి

ఆ రోజుల్లో జగ్గయ్యపేట ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరు ఉద్యోగం వచ్చీరాగానే, నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదన్న నమ్మకం కూడా వచ్చేసింది. ఇరవై ఏళ్ళు. ఇంట్లో ఆఖరిదాన్ని కాబట్టి ఒక్క పసివాణ్ణి ఎత్తుకున్న పాపాన పోలేదు. అయినా ఆడపిల్లకు అవన్నీ పుట్టుకతోనే వస్తాయని అందరూ అనుకునేవారు (నేనూ అనుకునేదాన్ని). మా మామ్మను తోడు పెట్టుకుని నేను అద్దెకున్న ఇంట్లో, పక్క వాటా మిలిటరీ బావగారిది. చుట్టరికం లేకపోయినా ఆయన్ని బావగారనీ, ఆయన భార్యను అక్కా అనీ పిలిచేదాన్ని. ఆయన సెలవు ముగిసి వెళ్ళేముందు, అక్కకు హఠాత్తుగా ఏ అవసరమైనా వస్తే వాళ్ళ రెండేళ్ళ బుడ్డోణ్ణి ఎవరు చూడాలో వరసగా కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఒకటో నంబరు, నందిగామలో ఉండే ఆయన అక్కగారు. రెండో నంబరు, ఎదురింటి బస్సు డ్రైవరుగారి భార్య. నలుగురు పిల్లల తల్లి, వీధంతా ఆవిణ్ణి పిన్నమ్మ అనే పిలిచేది. మూడో నంబరు నేను.

"నేను మూడోదాన్నేంటండీ బావగారూ?" అన్నాను పౌరుషంగా.

"రిజర్వులో ఒకరుండాలమ్మా. నీదాకా రాదులే, భయపడమాక," అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. ఒక సాయంత్రం అక్కకు టెలిగ్రాం. మర్నాడు మధ్యాహ్నం బావగారి రైలు బెజవాడలో కాసేపు ఆగుతుంది, బుడ్డోణ్ణి తీసుకుని రమ్మని. వాడికేమో రెండు రోజుల ముందే ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి, వాణ్ణి బస్సెక్కించే వీల్లేదు. ఒకటో నంబరు ఇంట్లో కూతురు పురిటికొచ్చి ఉంది. రెండో నంబరు రోడ్డుకు అవతలే ఆగిపోయి, "నా నలుగురికీ అంటుకుంటే ఏం చేసేదమ్మా," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్క టెలిగ్రాం మడతపెట్టి, "పోన్లే, నేను వెళ్ళను," అంది. యుద్ధానికి వెళ్ళే మనిషిని చూడకుండా ఉండిపోతానన్న ఆ మాట నేను తట్టుకోలేకపోయాను.

"నేను చూసుకుంటానక్కా."

"నీకు చిన్నప్పుడు పోసిందా?"

"ఓ! ఎప్పుడో పోసింది." (పోయలేదు. మామ్మ ఉంటే అక్కడికక్కడే పట్టించేది. ఏదో పెళ్ళికని ఊరెళ్ళింది.)

పొద్దున్నే డ్రైవరుగారి బస్సులోనే అక్క బెజవాడ వెళ్ళింది. బస్సు మలుపు తిరిగిందో లేదో, బుడ్డోడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. జావ పడితే నా చీర మీద ఊశాడు. బొమ్మ ఇస్తే నా ముక్కుకేసి కొట్టాడు. నాకూ ఏడుపొచ్చేసింది. రోడ్డు అవతల నుంచి పిన్నమ్మ కేకలు. "అట్టా కాదమ్మాయ్! భుజాన ఏసుకో! గోక్కోనీమాక! వాళ్ళ నాన్న లెఫ్ట్ రైట్ అంటా తిప్పితేగానీ నిద్దరపోడు వాడు!" ఇంకేం చేస్తాను? చీర దోపుకుని, బుడ్డోణ్ణి భుజాన వేసుకుని, ఒక చేత్తో వేపరెమ్మ విసురుతూ వాకిట్లో లెఫ్ట్ రైట్ మొదలుపెట్టాను. ఆరో చుట్టుకు వాడు కళ్ళు మూశాడు. నేను ఆపితే తెరుస్తున్నాడు. ఇరవయ్యో చుట్టులో ఉండగా, సెలవు చీటీ పంపలేదేమని అడగడానికి మా హెడ్మిస్ట్రెస్‌గారు వచ్చారు. వేపమండలు చూసి గేటు దగ్గరే ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "మీరు కుట్టు టీచరు కదూ?" అన్నారు. "అవునండీ, లెఫ్ట్," అన్నాను.

అక్క పొద్దుగూకే వేళకు తిరిగొచ్చింది. రైలు పది నిమిషాలే ఆగిందట. బుడ్డోడు ఎవరి దగ్గరున్నాడని బావగారు అడిగితే, మూడో నంబరు దగ్గరని చెప్పిందట. "అయితే నువ్వు తొందరగా బయల్దేరు," అన్నారట. ఆయనకు నచ్చజెప్పడానికే రెండు నిమిషాలు పోయాయట. చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

మరో రెండు వారాలకు నాకు ఒళ్ళంతా పోసింది. పక్కన కూర్చుని వేపాకుతో సుతారంగా రాస్తూ, "పోసిందన్నావు కదే?" అంది అక్క.

"పోయలేదంటే నువ్వు వెళ్ళేదానివా?"

అక్క చెయ్యి ఆగిపోయింది. వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది, అంటుతుందన్న ధ్యాస కూడా లేకుండా.

బావగారు ఆ మరుసటి ఏడు క్షేమంగా తిరిగొచ్చారు. నా కనుబొమ మీద మాత్రం రెండు మచ్చలు ఉండిపోయాయి. ఇప్పుడు అద్దంలో అవి కనబడితే ఆ కుట్టు టీచరు మీద ముచ్చటేస్తుంది. అంత ధైర్యంగా అబద్ధమాడడం తర్వాత నాకు ఎప్పుడూ చేతకాలేదు.