కవరు మీద రాసిన మాట

నాణేల కొట్టులో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాడికి ముందు కళ్లు పోతాయి, తర్వాత నడుం పోతుంది. ఇతనికి రెండూ పోయాయి. బజారంతా అతన్ని ‘భూతద్దం’ అంటారు, అదీ మొహం మీదే. అతను పలుకుతాడు కూడా. తగువు పెట్టుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

నాణెం ఎంత అరిగిందో, మెరుపు ఎంత మిగిలిందో చూసి, చిన్న కాగితపు కవరు మీద ఒక మాట రాసి సంతకం పెట్టడం అతని పని. ఆ మాటను బట్టే ధర. కొత్తవాళ్లకు ఆ మాటలు ఓ పట్టాన అర్థం కావు. ‘గుడ్’ అంటే బొమ్మ ఆనవాలు మాత్రమే మిగిలిన ముసలి నాణెం. ‘ఫైన్’ అంటే బాగానే అరిగినట్టు లెక్క. ‘అన్‌సర్క్యులేటెడ్’ అంటే ఎవరి జేబులోకీ వెళ్లకుండా, టంకశాలలో పుట్టింది పుట్టినట్టే ఉన్నది. “గుడ్ అని రాసి ఇంత తక్కువిస్తారేమిటండీ?” అని రోజుకొకరైనా తగులుకుంటారు. ఆ పాఠం మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. చెప్పీ చెప్పీ అతనికి విసుగు పుట్టింది. ఒక్కోరోజు సగమే చెప్పి ఊరుకుంటాడు.

ఆ మధ్యాహ్నం బావ వచ్చాడు. బావంటే అక్క మొగుడు, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైనవాడు. రిటైరైన నెలలో ఇదే కొట్టులో ఒక వెండి నాణెం కొన్నాడు. జన్మలో తనకోసం కొనుక్కున్నది అదొక్కటే. పన్నెండేళ్లయింది. ఇప్పుడు దాన్ని అమ్మి అక్కకు చెవి మిషన్ కొనాలని, మూడు రోజుల కిందట తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

“ఎంతొస్తుందయ్యా? మీ అక్కతో మాట్లాడుతుంటే గోడకు చెప్పుకున్నట్టుంది.”

“ముందు కూర్చోండి బావా.”

“కూర్చోబెట్టి చెప్తున్నావంటే కొంప మునిగిందన్నమాటే.”

“ఇది అన్‌సర్క్యులేటెడ్ కాదు బావా. బొమ్మ చెంప అరిగింది, చెవి పైన అరిగింది. మెరుపు చచ్చిపోయింది. మిషన్ ధరలో మూడో వంతు కూడా రాదు.”

బావ జేబులోంచి కొన్ననాటి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద ‘అన్‌సర్క్యులేటెడ్’ అని రాసి ఉంది.

“ఈ రాత ఎవరిది?”

“నాదే.”

“సంతకం?”

“అదీ నాదే.”

“మరింకేం! నా బీరువాలో పన్నెండేళ్లుంది. నీ దగ్గర మూడు రోజులుంది.” బావ గొంతు తగ్గించాడు. “నాణెం మార్చావా?”

తండ్రి పోయాక అతనికి ఫీజులు కట్టి చదివించిన మనిషి ఈయన. ఆ నోటి నుంచి ఈ మాట వినడం కన్నా చెంపదెబ్బ నయం.

“ఇదే మాట అక్క ముందు అనగలరా బావా?”

“అన్నా దానికి వినపడదుగా.”

అతను నాణేన్ని అంచులు పట్టుకుని మళ్లీ దీపం కిందికి తెచ్చాడు. కొత్త నాణేన్ని వంచితే వెలుగు దాని చుట్టూ చక్రంలా తిరుగుతుంది. ఇందులో వెలుగు కదల్లేదు. సన్నని గీతలు మాత్రం వెంట్రుకల్లా గుండ్రంగా పరుచుకుని ఉన్నాయి.

“బావా, దీన్నెప్పుడైనా కడిగారా?”

“నాకేమన్నా పిచ్చా? చెయ్యి తగలనివ్వొద్దని నువ్వే చెప్పావు కదా! నీళ్ల చుక్క పడనివ్వలేదు. ప్రతి ఆదివారం గుడ్డతోనే తీసి, గుడ్డతోనే తుడిచి పెట్టాను.” బావ జేబురుమాలు తీసి, గాల్లోనే బొటనవేలు గుండ్రంగా తిప్పుతూ చూపించాడు. చంటిపిల్ల మొహం తుడిచినట్టు ఎంతో సుకుమారంగా తుడిచాడు.

అతనికి అంతా అర్థమైంది. బజారు పడిపోయిందనో మరొకటనో అబద్ధం చెప్పి సర్దేయవచ్చు. కానీ దొంగన్న మాట ఇంకా చెవుల్లో మండుతోంది. భూతద్దం బావ చేతికిచ్చాడు.

“ఆ గీతలు ఎటు తిరిగాయో చూడండి.”

బావ చాలాసేపు చూశాడు. చూస్తుండగానే ఆయన బొటనవేలు దానంతటదే మరోసారి గుండ్రంగా తిరిగి, ఆగిపోయింది.

“ప్రతి ఆదివారం,” అన్నాడు. “పన్నెండేళ్లు. నేనేనా?”

“గుడ్డ కూడా తగలకూడదని ఆ రోజే చెప్పాల్సింది. సగం చెప్పి ఊరుకున్నాను. తప్పు నాదే బావా. మిషన్‌కు తక్కువైంది నేనిస్తాను.”

“వద్దులే. నిన్ను అనరాని మాట అన్నాను, మనసులో పెట్టుకోకు.” బావ నాణేన్ని కవరులో వేసి, కవరును రుమాల్లో చుట్టబోయి, రుమాలు వైపు చూసి దాన్ని అక్కడే బల్ల మీద వదిలేశాడు.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతున్న బావను అతను చూస్తూ నిలబడ్డాడు. నిజం నెగ్గింది, మచ్చ పోయింది. తనను దొంగనుకునే వెళ్లిపోయినా బాగుండేదనిపించింది. ఆ కోపంతోనైనా బావ నిటారుగా నడిచి వెళ్లేవాడు.