పటం వెనుక గోడ

కరీంనగర్‌లో మేము కొన్న ఇల్లు మా పెదనాన్న కొడుకుది. నాకు సొంత అన్నలు లేరు. చిన్నప్పటి నుంచి ఆయననే అన్నా అని పిలిచాను. ఇంటి కింద ఒక సెల్లార్ గది ఉంది. ఎండాకాలంలో పైగదులు కాలిపోతున్నా అక్కడ చల్లగా ఉంటుంది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి చదువుకోవడానికీ, పడుకోవడానికీ ఆ గదినే ఎంచుకుంది. ఆమెకు ఆస్తమా. ఆ సంగతి నాకెంత తెలుసో అన్నకూ అంతే తెలుసు. చిన్నతనంలో దానికి ఆయాసం వచ్చినప్పుడల్లా స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆయనే.

ఇల్లు అప్పగించిన రోజు అన్న ఆ గదిలో ఒక గోడ చూపించాడు. తలుపంత ప్లైవుడ్ పలక, దాని మీద వేములవాడ రాజన్న పటం.

"గీ పటం మాత్రం కదపకు చెల్లె. బాపు తన చేతులతోని బిగించిండు. సోమారం ఒక దీపం పెట్టు, చాలు."

"గట్లనే అన్నా," అన్నాను. మా వైపు ఇల్లు వదిలిపోయేవారు తమ దేవుణ్ణి అక్కడే ఉంచమంటే, వచ్చినవారు ఎందుకని అడగరు. నేను కూరగాయల చిల్లర కూడా రెండుసార్లు సరిచూసుకునే మనిషిని. ఏ రోజు సంగతి ఆ రోజే తారీఖు వేసి రాసుకుంటాను. మిగిలిన గోడలన్నీ తట్టి చూశాను. ఆ గోడకు మాత్రం దండం పెట్టి వదిలేశాను.

వానలు మొదలయ్యాక అమ్మాయికి పిల్లికూతలు మొదలయ్యాయి. హుజూరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉన్నన్నాళ్లు బాగుండేది; తిరిగొచ్చి కింద పడుకుంటే తెల్లారేసరికి ఇన్‌హేలర్ వెతుక్కునేది. "ఇంట్లో ఎక్కడన్న చెమ్మ ఉన్నదా అమ్మా?" అని డాక్టరు అడిగితే, లేదని గట్టిగా చెప్పాను. ఆ సోమవారం దీపం పెట్టేటప్పుడు అగరుబత్తీలు అయిపోయాయి. ఆ పొగ లేకపోయేసరికి పలక వెనుక నుంచి తడిసిన గోనెసంచి వాసన తగిలింది.

మా ఆయన మరలు విప్పి పలక దించారు. వెనుక గోడంతా నల్లటి బూజు. ఒకదాని మీద ఒకటి వేసిన రంగులు పొరలు పొరలుగా లేచిపోతున్నాయి. చేతిలోని మరలకు మాత్రం తుప్పు చుక్కైనా లేదు. పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది.

"మీ పెదబాపు పైనుంచి వచ్చి బిగించిపోయిండా ఏంది?" అన్నారు మా ఆయన.

అమ్మాయిని మళ్లీ మేనత్త దగ్గరికి పంపి, డాక్టరుకు సంగతి చెప్పి, ఆ సలహా ప్రకారం శుభ్రం చేయడం మొదలుపెట్టాం. ముందు నీళ్లు ఎక్కడివో చూడాలి. గోడకు అవతల నీళ్ల సంపు ఉంది. ఖాళీ చేయిస్తే పగులు కనిపించింది. దాన్ని పూడ్పించాకే గోడ జోలికి వెళ్లాం. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కులు, రబ్బరు చేతితొడుగులు, గాలి దూరని కళ్లద్దాలు. పైకి వచ్చే తలుపు మూసి, బయటికి తెరుచుకునే వెంటిలేటర్లు తెరిచాం. పొడిగా రుద్దితే బూజు గాలిలోకి లేస్తుంది కనుక సబ్బునీళ్లతో తడిపి, నెమ్మదిగా రుద్ది, గుడ్డతో తుడిచాం. పటం తీసి పక్కన పెట్టి, పలకనూ, అమ్మాయి పరుపునూ ప్లాస్టిక్ కవర్లలో మూటగట్టి బయటపడేశాం. పక్కింటావిడ బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలిపి కొట్టమంది. ఆ రెండూ కలిస్తే వచ్చే విషవాయువు మా ఊపిరే తీస్తుందని చెప్పి వద్దన్నాను.

మరునాడు రుద్దుతుండగా అన్న వచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు. పటం లేని గోడను చూశాడు.

"నీకు ఎర్కనా అన్నా?"

"సంపు పగులు బాపు ఉన్నప్పటిదే. ఎన్నిసార్లు రంగేసినా మళ్ల వచ్చుడే."

"మరి నాకు చెప్పకపోతివి."

"చెప్తే ఎవలు కొంటరు చెల్లె? బయటోళ్లు వచ్చిండ్రు, గోడ గోకి చూసిండ్రు, పోయిండ్రు. నువ్వైతే దేవుని జోలికి పోవని..."

ఒట్టి అబద్ధమే అయితే ఎలాగో మింగేదాన్ని. నా భక్తి ఎంతో, చెల్లెలిగా నా నమ్మకం ఎంతో కొలిచి, ఆ కొలతకే ఆయన పలక కోయించాడు. దాని ముందు నా చేత దీపాలు పెట్టించాడు. ఆ పక్కనే నా బిడ్డ పడుకుంటుందని తెలిసి కూడా.

"ఇంకో మాస్కు ఉంటే ఇయ్యి. నేను గూడ రుద్దుత," అన్నాడు.

ఇచ్చాను. చాలాసేపు, శ్రద్ధగానే రుద్దాడు. తర్వాత చేతులు కడుక్కుని పైకొచ్చి కూర్చుంటే చాయ్ పెట్టాను. గోడ పూర్తిగా ఎండేదాకా రంగు వేయొద్దన్నాడు. సంపు పని చేసిన మేస్త్రీ మంచోడన్నాడు. వానల గురించి మాట్లాడాడు. బిడ్డ ఎట్లున్నదని అడుగుతాడేమోనని, కప్పు ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే కూర్చున్నాను.

అడగలేదు.

గేటు దాకా సాగనంపాను. ఏటా ఈ రోజుల్లో రాఖీకి రమ్మని ఆయనకు గుర్తుచేస్తాను. ఆ రోజు ఆ మాట నా నోట రాలేదు.