తట్టిన పక్కకు తిరగని మా అన్న

వానకాలం మొదట్ల ఒక ఆదివారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు మా అన్న చెయ్యి ఇడిసిపెట్టిన. గడియారం చూసే ఇడిసిన. నలభై దాటినంక చేవెళ్లల అక్షరాలు నేర్సుకున్నదాన్ని, గడియారం చూసుడు గూడ అప్పుడే వచ్చింది. టైము రాసే కాడ పొరపాటు చెయ్యను.

మా ఊరు మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే తోవల ఉన్నది. మా చర్చి గంట ముప్పై ఏండ్లు మా అన్ననే కొట్టిండు. షుగరుతోని రెండు కండ్లు పోయినంక తాడు వేరేటోళ్ల చేతికి పోయింది. "నీ అంతట నువ్వు నడిసొచ్చిన దినం తాడు నీదే" అన్నడు పాస్టరయ్య. ఓదార్పుకు అన్న మాట అది. మా అన్న దాన్నే పట్టుకొని కూసున్నడు. నా చెయ్యి పట్టుకొని చర్చికి వస్తడు గని తాడు జోలికి పోడు. రెండేండ్లు గట్లనే నడిసింది.

మొయినాబాద్ల కిరాణం సేటు బిడ్డ గచ్చిబౌలిల కంప్యూటర్ నౌకరి చేస్తది. మా అన్నను చిన్నప్పటి నుంచి దుకాణంల చూసిన పిల్ల. ఆమె, ఆమె ఆఫీసు దోస్తు కలిసి ఒక పట్టీ తయారు చేసిన్రు. అది మెడ ఎనుక నుంచి వచ్చి, రెండు చెవుల ఎనుక బొక్క మీద, అదే ఎముక మీద, గుండీలంత బిళ్లలు ఆనిస్తది. జేబుల ఉన్న ఫోనుకు తోవ తెలుసు. ఎటు తిరగాల్నో ఆ పక్క బిళ్ల బొక్కను తడ్తది. చెవులు మూయదు. ఎనుక వచ్చే ఆటో, కుక్క, పలకరించే మనిషి, అన్నీ వినబడ్తయి.

ముందు నా తలకే పెట్టుకొని చూసిన. చక్కిలిగింత లెక్క మొదలై దవడ దాక పోయింది. కండ్లు మూసుకొని, అది తట్టిన పక్కకల్లా తిరుగుకుంట పోతే సక్కగ ఆ పిల్ల ఫోనుల పెట్టిన జామచెట్టు కాడనే తేలిన. సదువుకున్నోళ్ల పనులు నాకు తొందరగ నచ్చవు. ఇది నచ్చింది.

ఆ ఆదివారం పట్టీ పెట్టుకొని అన్న చర్చికి బయలెల్లిండు. నేను, సేటు బిడ్డ, ఆమె దోస్తు పది అడుగులు ఎనుక. మొదటి మూల కాడ కుడికి తిరగాలె. ఎడమకు తిరిగి పక్కింటి వదినె బర్ల కొట్టంలకు పోయిండు. తోలుకొచ్చి మళ్ల నిలబెట్టినం. మళ్ల కొట్టమే.

"పాలు పిండుకొస్తవా అన్నా?" అన్న నేను.

"నోరు మూయవే."

ఆఫీసు దోస్తు ఫోను చూసి, "మెషీన్ కరెక్టే ఉన్నది. తాతకు కుడి ఎడమ తెలుస్తలేదేమో" అన్నడు మెల్లగ.

మా అన్న చెవులు మంచియి. "తెల్వకపోవుడేంది బిడ్డా? అది కుడి దిక్కు పొడిసింది, నేను ఎడమకు జరిగిన. పొడిస్తే ఎవడన్న పక్కకు జరుగుతడా, పోయి మీద పడ్తడా?"

అప్పుడు నాకు సమజైంది. మా అన్న పదేండ్ల వయసు నుంచి అరక దున్నిండు, బండి తోలిండు. ఎద్దును కుడి డొక్కల ముల్లుగర్రతోని తడ్తే ఎడమకు మల్లుతది. అన్నేండ్లు తట్టినోడు ఇయ్యాల తట్టించుకుంటున్నడు, గంతే.

"దాన్ని ఉల్టా చెయ్యి బిడ్డా" అన్న నేను సేటు బిడ్డతోని. "కుడికి పోవాల్నంటే ఎడమ దిక్కు తట్టాలె."

"అదెట్ల అవ్వా?"

"ఎద్దు ఎట్ల పోతదో గట్ల."

ఆ పిల్ల నవ్వలే, వాదించలే. ఫోనుల రెండు సార్లు ఒత్తింది, అయిపోయింది. ముసలోన్ని మారమనకుండ తన సామానునే మార్చింది. అంత సదువుతోని అంత అణకువ నేను తక్కువ చూసిన.

ఏడున్నరకు మళ్ల ఇడిసినం. మూల కాడ ఒక్క గడియ ఆగి, కుడికి తిరిగిండు. మురికి నీళ్ల మోరి దాటిండు. బోరింగు కాడ ఎవరో పలకరిస్తే, "పనుంది, పోతున్న" అన్నడు. చేతికట్టె చర్చి మెట్టుకు తగిలినంకనే ఆగిండు. పాస్టరయ్య తాడు తెచ్చి చేతుల పెట్టిండు. అన్న దాన్ని కొస దాక తడిమి చూసి, పాత లెక్కనే ఆపి ఆపి కొట్టిండు.

"గంట ఎనిమిదికి గద, ఇంక రెండు నిమిషాలున్నయి. జర తొందరపడ్డవ్" అన్న నేను.

"రెండేండ్లు ఆలస్యమైంది గదనే" అన్నడు.

ఆ దినం అక్కడున్నోళ్లు: మా అన్న, నేను, సేటు బిడ్డ, ఆమె దోస్తు, పక్కింటి వదినె, పాస్టరయ్య. ఇది సదివి వినిపిస్తే, "నా జోడెడ్లను రాయలేదేందే?" అన్నడు అన్న. అవి సచ్చి పన్నెండేండ్లాయె. అయినా రాస్తున్న: తెల్లది, మచ్చలది.