పేరు కింద చుక్కలు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఒక ప్రెస్సులో నాగేశం ప్రూఫులు దిద్దేవాడు. పెళ్లి పత్రిక గానీ, ఎరువుల దుకాణం కరపత్రం గానీ, ఆయన ఎర్ర పెన్ను తగలకుండా అచ్చుకెక్కేది కాదు. తప్పు కనబడితే కంట్లో నలుసు పడ్డట్టే. హోటల్ బోర్డు మీద 'ఇడ్లీ'కి దీర్ఘం లేదని టిఫిను మానేసి బయటికొచ్చేంత మొండి మనిషి. అలాంటివాడికి మనుషుల పేర్లు కూడా తప్పుల్లాగే కనబడేవి. ఎల్లవ్వ వస్తే ఎల్లమ్మ, మల్లవ్వ వస్తే మల్లమ్మ. పల్లెల్లో అమ్మను పిలిచే 'అవ్వ'ను అలాగే అచ్చేస్తే చదువుకున్నవాళ్లు నవ్వుతారని ఆయన భయం. ఎవరు నవ్వారో అడిగితే మాత్రం చెప్పలేడు.

కన్నతల్లినీ వదల్లేదు. గృహప్రవేశం కార్డులో కొండవ్వను కొండమ్మ చేశాడు. అక్కన్నపేట నుంచి వచ్చిన మేనమామ రాజమల్లయ్య కూడబలుక్కుంటూ చదివి, "గీ కొండమ్మ ఎవలు అల్లుడా? మా అక్క పేరేది?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కొండవ్వకు చదువు రాదు, ఆమెకు సంగతే తెలియదు. ఆ తర్వాత దవాఖాన చీటీలో కూడా ఆ పేరే రాయించాడు.

తొంభై తొమ్మిదిలో ప్రెస్సు మీది గదిలో విశ్వేశ్వర్ కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఏదో పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలో కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఉంది, అది ఎలా వాడాలో చెప్పే పాఠాలూ ఉన్నాయి. ఆ పాఠాలు దేశదేశాలవాళ్లు పైసా తీసుకోకుండా రాసిపెట్టినవి.

"అన్నా, గిండ్ల ఇంగ్లీషు తప్పులు బగ్గ ఉన్నయి. ఎవలు దిద్ది పంపినా తీసుకుంటరట" అన్నాడు విశ్వేశ్వర్.

నాగేశానికి ఇంకేం కావాలి! ప్రింటు తీయించుకుని మధ్యాహ్నాలు దిద్దుతూ కూర్చునేవాడు. ఫోను లైను కలిసిన రోజు విశ్వేశ్వర్ వాటిని ఈమెయిల్లో పంపేవాడు. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఎక్కడి నుంచో థాంక్స్ చెప్పాడు. ఆ జవాబు ప్రింటును నాగేశం చాలాకాలం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

అప్పటికే కొండవ్వను ఆయాసం పట్టుకుంది. ఒకరోజు ఆమెను దవాఖానలో బెంచీ మీద కూర్చోబెట్టి, సూదులు కొనుక్కురావడానికి బయటికెళ్లాడు. వచ్చేసరికి ఆమె వంతు దాటిపోయింది, డాక్టరు వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు పిలిచినా ముసలామె పలకలేదంది నర్సు.

"చెవులు గూడ పోయినయా అవ్వా?" అని నలుగురిలో కసిరాడు నాగేశం.

"నన్ను పిలువనే లేదు బిడ్డా. ఎవలో కొండమ్మను పిలిచిన్రు. ఆమె రాలేదు, పాపం" అంది కొండవ్వ.

ఆ కొండమ్మ ఎవరో ఆయనకు తెలుసు. అయినా తప్పు తనదని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు.

ఆ వారంలోనే సెంటర్లో ఇంకో సంగతి జరిగింది. సీడీని బయటికి తీసే ముందు టైపు చేయాల్సిన మాట ఒకటి ఉంది. 'అన్‌మౌంట్' అని ఉండాల్సింది, మధ్యలో 'ఎన్' అక్షరం లేకుండా 'యూమౌంట్' అని ఉంది. పాఠం పొడుగునా ఇదే తప్పా అని విసుక్కుంటూ నాగేశం ప్రతిచోటా ఎన్ చేర్చాడు. విశ్వేశ్వర్ చూసుకోకుండా ఆ కాగితాలే క్లాసులో పంచాడు. అందరూ టైపు చేశారు. అలాంటి మాటే లేదంది కంప్యూటర్. ఒక్క సీడీ బయటికి రాలేదు.

విశ్వేశ్వర్ పడీ పడీ నవ్వాడు. "అన్నా, దాని పేరే గది! పెట్టినోడు ఎన్ లేకుంటనే పెట్టిండు. నువ్వు సక్కగ దిద్ది పిలిస్తే అది పలుకుతలేదు."

నాగేశం నవ్వలేదు. బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో కొండమ్మ కోసం జాలిపడుతున్న తల్లి కళ్లముందు నిలిచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఇంటికెళ్లి ఆమెకు అంతా చెప్పుకుందామనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తోచక, "చాయ్ తాగినవా అవ్వా?" అని మాత్రం అడిగాడు.

వానాకాలం పోకముందే కొండవ్వ పోయింది.

దశదిన కర్మ కార్డును ప్రెస్సులో అజ్మత్ కంపోజ్ చేశాడు. చిన్నప్పటి నుంచి ఆమె చేతి సర్వపిండి తిన్నవాడు, నోటికి అలవాటైన పేరే కొట్టాడు: కొండవ్వ. ప్రూఫు నాగేశం ముందుకొచ్చింది. చేతికి పడ్డ అలవాటు, 'వ్వ'ను కొట్టేసి పక్కన 'మ్మ' రాసేసింది. రాశాక చూసుకున్నాడు. 'మ్మ'ను గీకి పారేసి, 'వ్వ' కింద వరుసగా చుక్కలు పెట్టాడు. కొట్టేసింది పొరపాటు, ఉన్నది ఉన్నట్టే ఉంచమని ప్రెస్సులో ఆ చుక్కలకు అర్థం. నాగేశం పెన్ను నుంచి అవి రావడం అజ్మత్ ఎన్నడూ చూడలేదు. కాగితం తీసుకుపోయాడు.

కార్డు ఇవ్వడానికి నాగేశం తనే అక్కన్నపేట వెళ్లాడు. రాజమల్లయ్య అద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి చదవడం మొదలుపెట్టాడు. "కొం... డ..." దగ్గర ఆగి అల్లుడి మొహంలోకి చూశాడు. మళ్లీ కార్డు చూశాడు.

"వ్వ" అన్నాడు. వేలు అక్కడి నుంచి కదల్లేదు. "ఔ. మా అక్కనే."

తల్లిని సాగనంపిన రోజు కూడా గుండె బిగబట్టుకున్న నాగేశం, అప్పుడు మేనమామ అరుగు మీద కూలబడి, "అవ్వా" అని ఏడ్చాడు.