మూడో కుట్టు

2012 ఏప్రిల్‌లో ఒక సోమవారం బ్యాలె రిహార్సల్‌లో రాకుమారుడు రాకుమారిని నడుం పట్టుకుని పైకెత్తగానే, అతని కోటు వెనకనుంచి పసుపుపచ్చ కొలత టేపొకటి బయటికొచ్చి, నెమ్మదిగా దిగుతూ, అరవై అంగుళాలూ పూర్తయ్యాక ఆగింది. సంగీతం ఆగలేదు. ఎవరూ నవ్వలేదు. స్టేజి మేనేజరు తన పుస్తకంలో ‘టేపు, ఒకటి’ అని రాసుకున్నాడు.

ఆ టేపు లూసీది. చెయ్యి ఖాళీ కావాలని కోటు లోపల పిన్నీసుతో గుచ్చి, మరిచిపోయింది.

లూసీది బాపట్ల. ఇప్పుడుండేది అమెరికాలో. అక్కడి ఇర్వింగ్ ఊళ్ళో తెలుగు చర్చిలో ఆదివారం పాటలు పాడే ఆడవాళ్ళందరూ ఆమె కుట్టిన రవికల్లోనే ఊపిరి పీలుస్తారు. బ్యాలె కంపెనీ దుస్తుల గదికి మనుషులు కావాలని లైబ్రరీలో కాగితం చూసి, నాలుగు నెలల కిందట వెళ్ళి చేరింది. యాభై మూడేళ్ళకి మొదటి ఉద్యోగం. మెడలో వేసుకోవడానికి ఫొటో కార్డు కూడా ఇచ్చారు. ఆ కార్డుతోనే ఒకసారి కూరగాయలకి వెళ్ళింది. పొరపాటున, అని చెప్పింది.

టేపు దెబ్బకి దుస్తుల గది పెద్ద మార్జరీ బట్టలన్నీ తిరగేసి చూసింది. లూసీ కుట్టిన రాకుమారి రవిక లోపల, రెండు పక్కలా, రెండేసి వేళ్ళ వెడల్పున గుడ్డ మిగిలి ఉంది. దానిమీద వరసగా మూడు కుట్లు.

“ఏమిటిది లూసీ?”

“లూజ్ చేసుకోవడానికి మేడం. ఒళ్ళు వచ్చినప్పుడల్లా ఒక్కో కుట్టు విప్పుకుంటారు.”

“మా డాన్సర్లకి ఒళ్ళు రాదు. లైట్ల కింద ఈ మడత కనిపిస్తుంది. రేపు కత్తిరించెయ్. ఇంకొక్క పొరపాటు జరిగిందంటే ఆ కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలి.”

మంగళవారం లూసీ కత్తెర పట్టుకుని గంటసేపు కూర్చుంది. చివరికి భర్త అబ్రహాంకి ఫోన్ చేసింది.

“కట్ చెయ్యమంటే చేసెయ్. వాళ్ళ గుడ్డ, వాళ్ళ కత్తెర.”

“చెయ్యి నాది కదండీ. రావట్లేదు.”

“అయితే కార్డు ఇచ్చేసి ఇంటికొచ్చెయ్. నా ప్యాంటు జిప్పు పోయి నెలైంది.”

ఆ మాటతో లూసీకి పట్టుదల వచ్చింది. మిగులు గుడ్డని ఇస్త్రీతో అణిచి, అస్తరు కిందికి తోసి, కనపడకుండా సన్నగా టాకాలు వేసేసింది. మార్జరీ వేలితో తడిమి చూసి, బాగుందని తలూపింది. లూసీ ఆ రోజంతా ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

శనివారం ప్రదర్శన. మొదటి సగం కొత్త తరహా నాట్యం. కథ లేదు, కాళ్ళకి ఏమీ లేవు, పదిమంది ఒంటికతుక్కున్న బూడిదరంగు బట్టల్లో నేలమీద దొర్లారు. ఒక్క హుక్కు కూడా ఊడే ప్రమాదం లేదు కాబట్టి లూసీకి భలే నచ్చింది. ఆ దొర్లడంలోనే, తర్వాత రాకుమారి కావలసిన అమ్మాయి చీలమండ మెలికపడింది.

విరామం ఇరవై నిమిషాలు. రాకుమారి నాట్యం వచ్చిన ఇంకో పిల్ల బ్రియానా. భుజాలు కాస్త విశాలం. రవికలో దూరింది గానీ, వీపున హుక్కులకీ కాజాలకీ మధ్య రెండంగుళాల ఎడం.

“లాభం లేదు,” మార్జరీ పిన్నీసుల డబ్బా కింద పెట్టేసింది. “రెండో సగం రద్దని చెప్పాలి.”

లూసీ మెడలో కార్డు వంక ఒకసారి చూసుకుంది. అడ్డం రాకుండా దాన్ని వీపు వైపు తిప్పేసుకుంది. మోకాళ్ళమీద కూర్చుని, టాకాలు తెంపి అస్తరు ఎత్తింది. మార్జరీ కళ్ళముందే మిగులు గుడ్డ బయటపడింది.

“కదలకమ్మా,” అంటూ రెండు పక్కలా మొదటి కుట్టు విప్పింది. రెండోదీ విప్పింది. హుక్కులు ఒక్కొక్కటే కాజాల్లో పడ్డాయి. మూడో కుట్టు నిలబడింది.

స్టేజిమీద బ్రియానా గిర్రున తిరిగింది. రాకుమారుడు ఎత్తాడు. ఏమీ రాలిపడలేదు. పై వరసల్లో చర్చి ఆడవాళ్ళు పన్నెండుమంది ముందు రవికకీ, తర్వాత నాట్యానికీ చప్పట్లు కొట్టారు.

తెర పక్కన నిలబడి మార్జరీ గుసగుసగా అడిగింది: “మంగళవారమే కత్తిరించమన్నానా లేదా?”

“కత్తెర నా దగ్గరే ఉంది మేడం, ఆ పిల్లని వెనక్కి పిలవమంటారా?”