వాలు వీధిలో కుర్చీ

క్యూబాలోని శాంతియాగో ఊరి మెకానిక్కులంతా బండ్లను నడిపించడానికి పుడితే, సెవెరినో ఒక్కడు ఆపడానికి పుట్టాడు. ఇంజిను దగ్గినా, తలుపు ఊడినా, పైకప్పు కారినా ఆయనకు పట్టదు. "కదలడం దాని ఇష్టం. ఆగడం నా పూచీ" అనేవాడు. ఆయన చేయి పడ్డాక అసలు కదలని బండ్లూ ఉన్నాయి. వాటిని తోసుకుంటూ తెచ్చి చూపిస్తే, "ఎంత బాగా ఆగిందో చూశావా" అని మురిసిపోయేవాడు.

ఆ ఊళ్లో అద్దెకు తిరిగేవన్నీ తాతలనాటి అమెరికన్ కార్లు. వాటి డ్రమ్ము బ్రేకులకు భాగాలు దొరకవు. బ్రేకు నూనె లేక షాంపూ నీళ్లు పోసిన మహానుభావులూ లేకపోలేదు. సెవెరినో ఆ డ్రమ్ములు పీకేసి, తుక్కుకు పోయిన రష్యన్ లాడా కార్ల డిస్కు బ్రేకులు పెట్టేవాడు. సిలిండరు ఇంకో మోడలుది, గొట్టాలు ఎవరి ట్రాక్టరువో. ఒకదానికొకటి పొసగకపోతే, మూతబడ్డ చక్కెర మిల్లు ఇనుమును పలకగా కోసి మధ్యన బిగించేవాడు. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లకైనా అంత ఓపిక ఉండదు.

ఎక్కడైనా కారు గుద్దుకుందని తెలిస్తే అందరికంటే ముందు పరామర్శకు వెళ్లేది ఆయనే. తల పగిలిన డ్రైవరు చేయి పట్టుకుని, "ముందు చక్రాలకు ఏం కాలేదు కదా?" అని ఆదుర్దాగా అడిగేవాడు.

ఇవన్నీ భార్య ఒదాలిస్ భరించింది. భరించలేనిది పరీక్ష. బ్రేకులు వేసిన ప్రతిసారీ సెవెరినో ఆమె వంటింటి కుర్చీ తీసుకుపోయి, వాలు వీధి నడిమధ్యన వేసుకుని, కాఫీ కప్పుతో కూర్చుని, బండి యజమానిని పైనుంచి తన మీదికే దిగి రమ్మనేవాడు. ఆమె తిట్టింది, బతిమాలింది. కుర్చీలు దాచేస్తే బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. చివరికి ఒక్కో పరీక్షకు ఊరంతా కొలిచే కోబ్రే మాతకు ఒక్కో కొవ్వొత్తి మొక్కుకోవడం మొదలుపెట్టింది.

అలా ఉండగా ఎవెలియో కారు వచ్చింది. ఆ వాలులోనే బ్రేకులు పోయి గోడను గుద్దిన కారు అది. ఎవెలియోకు చొక్కా తప్ప ఏమీ చిరగలేదు కానీ, అప్పటినుంచి స్టీరింగు పట్టుకుంటే కాళ్లు వణుకుతున్నాయి. ఇల్లు గడిచేదేమో ఆ బండి మీదే. సెవెరినో కొత్త బ్రేకులు వేసినా, ఇక నడపలేను, అమ్మేస్తానన్నాడు. అతికష్టం మీద ఒప్పించి పైకి పంపి, సెవెరినో కుర్చీ వేసుకున్నాడు.

ఈసారి ఒదాలిస్ వీధిలోకే వచ్చి నిలబడింది.

"లేస్తావా, నన్ను బయామోలో మా చెల్లెలింటికి పొమ్మంటావా?"

పైన ఎవెలియో ఇది చూసి ఇంజిను ఆపేశాడు. తలుపు తీసి, "మీ ఇంటావిడకే నమ్మకం లేదు, నాకేం ఉంటుందన్నా?" అని కేకేశాడు.

సెవెరినో గొంతు తగ్గించాడు. "పొద్దున నువ్వు లేవకముందే ఈ వాలు దింపి చూశానే. ప్రతి బండినీ అలాగే చూస్తా. బ్రేకుల మీద నాకు ఏ అనుమానమూ లేదు."

"మరి ఈ కుర్చీ దేనికి?"

"బాగుందని చెబితే ఎవడు నమ్ముతాడు? చేసినవాడు ఎదురుగా కూర్చుంటే నమ్ముతాడు. ఒక్కసారి ఆపాడంటే భయం పోతుంది."

ఒదాలిస్ నిలదీసింది. మొదట అడిగింది ఇన్నేళ్ల కొవ్వొత్తుల గురించి. తర్వాత, బ్రేకు సరే, వాడి కాలు ఆడకపోతే ఏం గతి అని అడిగింది.

"అది మాత్రం నాకూ తెలీదు" అన్నాడు సెవెరినో.

ఇలాంటి మనిషిని కట్టుకున్నందుకు ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. విసవిసా ఇంట్లోకి వెళ్లింది. పైన ఎవెలియో తల దించుకున్నాడు.

ఆమె ఇంకో కుర్చీతో తిరిగొచ్చింది. మొగుడి పక్కన వేసుకుని కూర్చుని, ఆయన కప్పు లాక్కుని ఓ గుక్క తాగింది.

"రా తమ్ముడూ" అంది పైకి చూసి. "ఎండెక్కకముందే వచ్చేయ్."

కారు కదిలింది. వేగం అందుకుంది. సెవెరినో చేయి ఆమె చేతిని వెతుక్కుంది. కారు ఠక్కున ఆగింది, వాళ్లకింకా సగం వీధి దూరం ఉండగానే.

ఎవెలియో నమ్మలేక మళ్లీ కదిలించి మళ్లీ ఆపాడు. ఇంకోసారి ఆపాడు. కారు ముందు అద్దంలోంచి అతని నవ్వు కనబడుతోంది. జానెడు కదలడం, ఆగడం, మళ్లీ జానెడు. కిటికీల్లోంచి జనం చప్పట్లు కొడుతున్నారు.

"కాస్త తొందరగా రమ్మనవే, నడుం పట్టేస్తోంది" అన్నాడు సెవెరినో.

"వాణ్ణి ఆపుకోనీ" అంది ఒదాలిస్, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "ఈ లెక్కన మధ్యాహ్నం అన్నం కూడా ఇక్కడికే తెచ్చుకోవాలి."