డ్రమ్ముల మోతలో ఒక స్తోత్రం

మొన్న బుధవారం గుడివాడలో చెవుల డాక్టరు గారు నన్నొక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. కొన్నిసార్లు వినిపించి ఎత్తాను, కొన్నిసార్లు మర్యాదకి ఎత్తాను. బయటికొచ్చాక ఆయన కాగితం మీద గీతలు చూసి, "కుడి చెవి కొంచెం తగ్గిందమ్మా. ఎప్పుడైనా పెద్ద శబ్దాల దగ్గర పనిచేశారా?" అని అడిగారు. బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశానన్నాను. ట్రంకు కాల్ రోజుల్లో అవనిగడ్డ లైను కలపడానికి నేను అరిచే అరుపు వైరుతో పనిలేకుండానే దివిసీమకి వినపడేదని మా సూపర్‌వైజరు గారు వేళాకోళం చేసేవారు. "అప్పటిది కాదమ్మా, ఈ మధ్య?" అన్నారు డాక్టరు గారు. "ఈ మధ్యంటే, నాలుగు నెలల కిందట హైదరాబాదులో రాక్ కచేరీకి వెళ్ళానండి," అన్నాను. ఆయన పెన్ను ఆపి, నా తెల్ల నేత చీర, నెరిసిన ముడి, ఒళ్ళో గొడుగు అన్నీ వరసగా చూసి, "మీరా? ఎందుకండీ?" అన్నారు. బయట జనం కూర్చుని ఉన్నారు గనక "ఊరికేనండి" అనేసి వచ్చేశాను. ఊరికే కాదు. అది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి.

మా అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు బందర్లో మా చర్చికి సంఘపెద్ద. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. అల్లరి చేసే క్లాసులోకి వెళ్ళి ఏమీ అనకుండా నిలబడేవాడట, క్లాసంతా గప్‌చుప్. "మనింట్లో గట్టిగా మాట్లాడే అలవాటు లేదు" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు, ఎక్స్ఛేంజిలో రోజంతా అరిచి వచ్చిన చెల్లెలు పక్కనే కాఫీ కలుపుతుండగా. ఆయనకి ఇంకో పట్టింపు కూడా ఉంది. 'కొట్టడం' అన్న మాట ఆయన నోట రాదు. స్కూల్లో గంట కొట్టారు అనడు, గంటయింది అంటాడు. ఎవరో తలుపు కొడుతున్నారంటే, తలుపు చప్పుడవుతోంది అని దిద్దుతాడు. కొబ్బరికాయ కొట్టే అవసరం క్రైస్తవులం గనక మాకెలాగూ లేదు. అది మేస్టరు గారి భాషాభిమానం అనుకునేవారు అందరూ. కారణం మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

మా తాతయ్యది తోట్లవల్లూరు వైపు, కృష్ణ ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర మా పేట. తాతయ్య డప్పు కొట్టేవాడు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికి, చావుకి పిలిస్తే చావుకి, చాటింపుకి పిలిస్తే వీధి వీధికీ. పిలవడం అన్నది నేను మర్యాదకి వాడుతున్న మాట. కబురొస్తే వెళ్ళాలి, జ్వరమని చెప్పడానికి లేదు. బాప్తిస్మం తీసుకున్న ఏడాది డప్పు దించేశాడు, మళ్ళీ ముట్టుకోలేదు. మా నాన్న చదువుకుని మేస్టరయ్యాడు. అయినా అన్నయ్య ఆ ఊరి బళ్ళో ఉన్నన్నాళ్ళూ, లేచి పద్యం అప్పజెప్పడం మొదలుపెట్టగానే వెనక ఎవరో బల్ల మీద వేళ్ళతో దరువు వేసేవారట. తిట్టలేదు, కొట్టలేదు. బల్ల మీద వేళ్ళు, అంతే. పద్యం మధ్యలో తప్పిపోయి ఆయన కూర్చునేవాడు. నేను బడికెళ్ళే వయసొచ్చేసరికి మేం బందరు వచ్చేశాం, కాబట్టి ఆ బల్ల నాకు తెలీదు. తెలిసినాయన్ని ఎగతాళి చేసే హక్కు కూడా నాకు లేదు. కానీ కోపం రావడానికి హక్కులతో పనిలేదు కదా, వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తాను.

అన్నయ్యకి లేక లేక పుట్టిన కూతురికి దరువంటే పిచ్చి. దేవుడికి హాస్యం ఎక్కువ. సండే స్కూల్లో కంజీరతో మొదలుపెట్టి, మా వదిన గిన్నెల మీదుగా, ఎవరో దాత చర్చికి ఇచ్చిన డ్రమ్ సెట్టు దాకా వచ్చింది ఆ పిల్ల. ఇంటర్ చదివేటప్పుడు ఒక క్రిస్మస్ ఆరాధనలో దాని ముందు కూర్చుంది. రెండో పాట నడుస్తుండగా వెనక బెంచీల్లోంచి, ఆడపిల్ల అలా కాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చోవడమేమిటని గుసగుసలు మొదలయ్యాయి. సంఘం కార్యదర్శి గారు పాట మధ్యలోనే వెళ్ళి దిగమన్నారు. పిల్ల పుల్లలు అక్కడ పెట్టేసి, వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు బెంచీలో అన్నయ్య తల తిప్పలేదు. తర్వాత అది ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో ఒక రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించడం మొదలుపెట్టింది. ఆ సంగతి తెలిసిన రోజు అన్నయ్య ఫోన్లో, ఎప్పటి మెల్లని గొంతుతోనే, "అది మానేసి రా. మానకపోతే రావద్దు" అన్నాడు. రెండు క్రిస్మస్‌లు పిల్ల ఇంటికి రాలేదు. నేను వెళ్ళి అడిగితే, లోక సంగీతం మనకి తగదన్నాడు. గట్టిగా నిలదీస్తే అసలు మాట వచ్చింది: "తాతయ్య దించినదాన్ని ఇది మళ్ళీ మెడకేసుకుంటుందా?" మా కుటుంబం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క పిల్ల. అది మళ్ళీ మా గుమ్మం తొక్కుతుందా, తొక్కదా అన్నదే నాకు పట్టుకుంది.

ఒకరోజు అదే ఫోన్ చేసింది. "అత్తా, మా బ్యాండుకి ఇంత పెద్ద ప్రోగ్రాం ఎప్పుడూ రాలేదు. నాన్న ఎలాగూ రారు. నువ్వన్నా రావా?" అంది. వస్తానన్నాను. ప్రోగ్రాం అంటే మాకు తెలిసిన ప్రోగ్రాములకి ఎలా వెళ్తామో అలాగే వెళ్ళాను: గంజి పెట్టిన తెల్లచీర, గొడుగు, మందుల డబ్బా, పాటల పుస్తకం, పిల్లకి ఇష్టమని బందరు లడ్ల పెట్టె. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన సంచీ అంతా తడిమి, పాటల పుస్తకం పైకెత్తి, "ఇదెందుకమ్మా?" అన్నాడు. "లోపల పాటలే కదండీ," అన్నాను. గొడుగు ఉంచేసుకుని పుస్తకం ఇచ్చేశాడు. లోపల బెంచీల్లేవు, కుర్చీల్లేవు, మైదానం నిండా నిలబడ్డవాళ్ళే. అందరూ నల్ల చొక్కాలు, మధ్యలో తెల్లగా నేనొక్కదాన్ని. జుట్టుకి నీలం రంగు వేసుకున్న ఒక అమ్మాయి, "ఆంటీ, ఎవరి కోసం వచ్చారు?" అంది. డ్రమ్ములు వాయించేది నా మేనకోడలన్నాను. అంతే, దారి చేసుకుంటూ తీసుకెళ్ళి నన్ను స్టేజీ ముందు కంచె దగ్గర నిలబెట్టింది. చెవుల్లో పెట్టుకోమని రెండు స్పాంజి ముక్కలు కూడా ఇచ్చింది. ఎడమ చెవిది నిలిచింది, కుడి చెవిది తోపులాటలో ఎక్కడో పడిపోయింది. డాక్టరు గారి గీతలకి అదీ మూలం.

దీపాలు ఆరిపోయాయి. చుట్టూ అందరూ చేతులు పైకెత్తారు, చాలామంది కళ్ళు మూసుకున్నారు. జ్ఞానం వచ్చినప్పటి నుంచీ, నలుగురు చేతులెత్తి కళ్ళు మూస్తే నేను చేసే పని ఒకటే. కొంగు తలమీదికి లాక్కుని తల వంచాను. అప్పుడు పడింది మొదటి దెబ్బ. అది చెవికి తగల్లేదు, రొమ్ము ఎముకకి తగిలింది. కాళ్ళకింద నేల అదిరింది, కళ్ళజోడు ముక్కు మీద వణికింది, చేతిలో లడ్ల పెట్టె మూత టపటపలాడింది. భయమేసిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు. రెండో పాటకి భయం పోయింది. మూడో పాటకి నా కాలు దానంతటదే ఊగుతోంది. నాలుగో పాటలో గిటార్లన్నీ ఆగిపోయి, మా పిల్ల ఒక్కత్తే మిగిలింది. జుట్టు మొహం మీద పడుతోంది, చేతులు కనపడటం లేదు, మోత మాత్రం మైదానం చివరిదాకా వెళ్ళి తిరిగొస్తోంది. అది తాతయ్య దరువేనని అబద్ధం చెప్పను. తాతయ్య డప్పు నేనెప్పుడూ వినలేదు. కానీ నాకేదో అర్థమైంది, దానికి మాట దొరకడానికే వారం పట్టింది. హఠాత్తుగా ఆ పిల్ల చేతులు గాల్లో ఆపేసింది. అంతమంది జనం ఊపిరి బిగబట్టారు. మా చర్చి స్త్రీల ప్రార్థన కూటంలో పాట ఎత్తేదీ నేనే, పాట ఆగగానే మొదట స్తోత్రం చెప్పేదీ నేనే. అలవాటు ఊరుకోదు కదా. అవనిగడ్డ లైను గొంతుతో "స్తోత్రం!" అన్నాను.

నీలం జుట్టు పిల్ల అర్థం అడగలేదు. అదేదో పాటలో మాటే అనుకుంది కాబోలు, చెయ్యి పైకి విసిరి తనూ "స్తోత్రం!" అంది. దాని పక్కవాళ్ళు అందుకున్నారు. క్షణాల్లో మైదానమంతా "స్తోత్రం! స్తోత్రం!" స్టేజీ మీద నుంచి మా పిల్ల కిందకి చూసి, కంచె దగ్గర ముసుగేసుకున్న మేనత్తని గుర్తుపట్టి, పగలబడి నవ్వి, పుల్లలు రెండూ ఒక్కసారి దించింది. తర్వాత వెనక గదిలో చెమటతో తడిసిపోయి నన్ను కావలించుకుంది. ఇద్దరికీ చెవులు పనిచేయడం లేదు, ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాం. మొట్టమొదట అడిగింది, "నాన్న ఏమన్నా అన్నారా?" అని. ఏమీ అనలేదమ్మా అన్నాను. తలూపి లడ్డు నోట్లో పెట్టుకుంది, నమిలింది, కళ్ళు తుడుచుకుంది. ఆ పూట నాకు మా అన్నయ్య మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు.

బందరుకి నాకంటే ముందు, ఎవరో ఫోన్లో తీసిన వీడియో చేరింది. గిలకలదిండి నుంచి మా వీధికి రొయ్యలు తెచ్చే ఆవిడ మా కూటంలో సభ్యురాలే. బుట్ట దించుతూనే, "అమ్మగారూ, మీ స్తోత్రం మా ఆయన ఫోన్లో కూడా మోగిందండి!" అంది. సాయంత్రానికి కార్యదర్శి గారు వచ్చారు, అప్పుడు పిల్లని దిగమన్న ఆయనే. కుర్చీ అంచున కూర్చుని, పరిశుద్ధమైన మాటని అలాంటి చోట అనడం సంఘానికి బాధగా ఉందన్నారు. "ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, పొరపాటైందని ఒక్క మాట అనండమ్మా, చాలు. లేకపోతే కూటంలో పాట ఎత్తడం ఇంకొకరికి అప్పజెప్పాల్సి ఉంటుంది," అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఎత్తుతున్న పాట అది. అన్నయ్య కూడా వదినచేత కబురు పెట్టాడు, "అనెయ్యమను, అయిపోతుంది" అని.

ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు ఎవరికి వారు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, నేనూ లేచాను. "సంఘానికి వందనాలండి. పొరపాటు ఒప్పుకోమన్నారు, ఒప్పుకుంటున్నాను," అన్నాను. కార్యదర్శి గారి మొహం విప్పారింది. "ఒక క్రిస్మస్‌కి మా మేనకోడల్ని ఆ డ్రమ్ముల ముందు నుంచి దింపేసినప్పుడు, నేను ఈ బెంచీలోనే నోరు మూసుకుని కూర్చున్నాను. అదీ నా పొరపాటు. దానికి క్షమించండి. మా తాతయ్య డప్పు కొట్టేవాడండి. కొట్టమంటే కొట్టాలి, ఆపమంటే ఆపాలి. మా పిల్లని కొట్టమన్నవాళ్ళు లేరు. తనకి ఇష్టమై కొట్టింది, తనే ఆపింది, అంతమంది తను మళ్ళీ ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూశారు. అది చూసి స్తోత్రం అన్నాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్తాను, మళ్ళీ అంటాను." కూర్చున్నాను. మా ఇంట్లో నాలుగ్గోడల మధ్య కూడా అనని ఆ 'కొట్టడం' అన్న మాట, నిండు సంఘంలో నాలుగుసార్లో అయిదుసార్లో అనేశాను. వెనక నుంచి రొయ్యలావిడ ఒక్కతే "స్తోత్రం" అంది. అన్నయ్య ఆరాధన అయ్యాక పక్క గేటులోంచి వెళ్ళిపోయాడు. పాట ఎత్తడం తీసేశారు. ఇప్పుడు ఎత్తే ఆవిడ బాగా కింద శ్రుతిలో మొదలుపెడుతుంది, నేను బెంచీలోంచి పై శ్రుతిలో అందుకుంటాను. దాన్ని తీసెయ్యడానికి ఏ కమిటీకీ వీలు పడదు.

ఆ తర్వాత మూడు నెలలకి పైనే అన్నయ్య మా గడప తొక్కలేదు. ఈ వారం వచ్చాడు. వదిన పంపిందని ఆవకాయ సీసా బల్ల మీద పెట్టి, పేపరు ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పాడు. చివరికి, "బడిలో బల్ల సంగతి నువ్వు సంఘంలో చెప్పలేదు," అన్నాడు. "అది నాది కాదు అన్నయ్యా, నీది. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పాలి," అన్నాను. నేను కాఫీ ఇచ్చాను, తాగాడు. గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు:

"అక్కడ కుర్చీలుంటాయా?"

ఎక్కడ అని నేనడగలేదు. "ఉండవు. మూడు గంటలు నిలబడాలి," అన్నాను. ఆయన తన మోకాళ్ళ వంక ఒకసారి చూసుకున్నాడు. డెబ్భై ఒక్కేళ్ళ మోకాళ్ళు.

"నిలబడతాలే," అన్నాడు.

ఆ ఒక్క మాట దాకా రావడానికి మా ఇంటికి ఇన్ని తరాలు పట్టింది. ఇప్పుడు ఆలస్యమైపోయిందని ఎవరైనా నాతో అంటే మాత్రం ఒప్పుకోను. మా కాలం మాకు ఎప్పుడొస్తే అప్పుడే మొదలు.